బిడ్డను కాపాడాలంటే ఇంటిని నిలబెట్టాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



యాభై ఏళ్ల పండుగ ఇది. పొద్దటి నుంచి జ్ఞాపకాలు పంచుకుంటున్నాం, నవ్వుకుంటున్నాం. కార్యవర్గం వారు నాకు మాత్రం వేరే పని అప్పగించారు. "ముప్పై ఏళ్లుగా పిల్లల సంక్షేమ రంగంలో ఉన్నావు కదా, అందులో మన ఊరికి పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు. అరగంట సమయం ఇచ్చారు. భోజనాల గంట కొట్టేలోగా ముగిస్తాను.

ఇందాక తెర మీద పాత బ్యాచ్‌ల గ్రూపు ఫోటోలు చూపించారు. అందరం మన ముఖం ఎక్కడుందో వెతుక్కున్నాం. పదో తరగతి ఫోటోలో ఉన్నవాళ్లమే ఇక్కడికి వచ్చాం. ఆరో తరగతిలో మన పక్కన కూర్చుని, పదో తరగతి ఫోటోలో లేనివాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. వాళ్లెవరూ తెలివి తక్కువై బడి మానలేదు. ఒకరికి నాన్న పోయాడు. ఒకరి నాన్న తాగి ఇంటి మీదికి వచ్చేవాడు. ఒకరిని అప్పు కింద దొర ఇంట్లో జీతం పెట్టారు. ఒకరి అమ్మ చెప్పకుండా పుట్టింటికి వెళ్లిపోయింది. అంటే బడి మానింది పిల్లలే అయినా, అంతకు ముందే కూలింది ఇల్లు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ ఇంటి గురించి. పిల్లలకు గాయం తగిలాక మందు రాసే సంస్థలు చాలా ఉన్నాయి. గాయం తగలకముందే తల్లిదండ్రుల చెయ్యి పట్టుకునే సంస్థలు తక్కువ. అటువంటివి మన గడ్డ మీదే ఎలా పనిచేశాయో, వాటి నుంచి మన సంఘం ఏం నేర్చుకోవచ్చో చెబుతాను.

చిన్ననాటి దెబ్బ ఎంత దూరం పోతుంది?

"పిల్లలకేం తెలుసు, మరిచిపోతారు" అని మన పెద్దలు అంటుండేవారు. మరిచిపోరని డాక్టర్లకు తెలిసిన తీరు ఆసక్తిగా ఉంటుంది. 1980లలో అమెరికాలోని శాన్ డియేగోలో విన్సెంట్ ఫెలిటి అనే డాక్టరు స్థూలకాయానికి వైద్యం చేసేవారు. బరువు బాగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేస్తుంటే ఆయనకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగితే, వాళ్లలో చాలామంది చిన్నప్పుడు ఇంట్లోనే హింసకో లైంగిక వేధింపుకో గురైనవాళ్లని బయటపడింది. తర్వాత ఆయన, రాబర్ట్ ఆండా అనే మరో డాక్టరు కలిసి 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను చిన్ననాటి సంగతులు అడిగారు. కొట్టేవారా? తిట్టి అవమానించేవారా? పట్టించుకునే దిక్కు ఉండేదా? ఇంట్లో తాగుబోతు ఉన్నాడా? అమ్మను కొట్టడం చూశారా? అమ్మానాన్నలు విడిపోయారా? ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా? ఎవరైనా జైలుకు వెళ్లారా? ఇలాంటి ప్రశ్నలు.

1998లో వాళ్లు మొదటి ఫలితాలు అచ్చు వేశారు. నాలుగో అంతకంటే ఎక్కువో కష్టాలు ఒకేసారి పడ్డ పిల్లలు పెద్దయ్యాక తాగుడు, మాదకద్రవ్యాలు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటివాటిలో పడే ప్రమాదం, ఏ కష్టమూ పడనివాళ్లతో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. మనసు సంగతి అలా ఉంచితే, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు కూడా ఎక్కువే. ఆ అధ్యయనంలో ఉన్నవాళ్లు పూరిగుడిసెల వాళ్లు కారు. ఎక్కువమంది ఆరోగ్య బీమా ఉన్న మధ్యతరగతి వాళ్లే.

ఇది ఎలా జరుగుతుంది? కుక్క వెంటపడితే మన గుండె దడదడలాడుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. కుక్క పోగానే సర్దుకుంటుంది. అది శరీరం మనల్ని కాపాడే పద్ధతి. ఆ కుక్క రోజూ ఇంట్లోనే ఉంటే? సాయంత్రం ఏడు దాటిందంటే నాన్న అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునే పిల్లవాడి శరీరం సర్దుకోదు. మెదడు ఎదిగే వయసులో ఆ దడ ఆగకుండా ఉంటే, చదువు తలకెక్కదు. చిన్న మాటకే కొట్లాట, లేకపోతే మూలకు ముడుచుకోవడం. టీచర్లకు ఇద్దరూ తెలుసు. మొదటివాడిని రౌడీ అంటాం, రెండోవాడిని మొద్దు అంటాం.

మన దగ్గర లెక్కలు లేవా అంటే ఉన్నాయి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనం వెలువరించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో మన అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇళ్లలో కొట్టేవాళ్లు ఎక్కువగా కన్నవాళ్లే.

ఇంతవరకు విని "అయితే ఆ తల్లిదండ్రులను శిక్షించాలి" అనిపిస్తుంది. ఇక్కడే అసలు మెలిక ఉంది. కష్టం వచ్చిన పిల్లవాడికి శరీరం సర్దుకునేలా చేసేది, ఈ రంగంలో అందరూ ఒప్పుకునేది, ఒకే ఒకటి: నమ్మకంగా పక్కనుండే ఒక పెద్ద మనిషి. అమ్మో, నాన్నో, నాయనమ్మో, మేనమామో, ఒక్కోసారి టీచరో. ఆ మనిషి నిలబడి ఉంటే పిల్లవాడు చాలా తట్టుకుంటాడు. ఆ మనిషే కూలిపోతే చిన్న కష్టం కూడా పెద్ద గాయం అవుతుంది. కాబట్టి తల్లిదండ్రులను శత్రువులుగా చూస్తే బిడ్డకున్న ఒక్క ఆసరాను మనమే తీసేసినట్టు.

మనందరికీ తెలిసిన ఒక ఉదాహరణ చెబుతాను. 2024 సెప్టెంబర్ 1న వచ్చిన వరదకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. ఆ ఫోటోలు దేశమంతా చూసింది. పట్టాలు విరగలేదు. కింద మట్టీ కంకరా పోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. పట్టాలు బాగానే ఉన్నాయి కదా అని రైలు నడుపుతారా? వందలమంది కూలీలు రాత్రింబవళ్లు పనిచేసి ముందు కట్ట పోశారు. పిల్లల విషయంలో మనం తరచూ పట్టాలనే చూస్తాం. నోటు పుస్తకాలు ఇస్తాం, బ్యాగులు ఇస్తాం, ఫీజు కడతాం. మంచివే. కానీ కట్ట సంగతి ఎవరు చూస్తారు?

మన చుట్టూ ఉన్న ఇళ్లు

కేసముద్రం మార్కెట్ యార్డుకు పత్తి, మిర్చి, మక్కలు, వరి వచ్చే సీజన్‌లో ఊరు కళకళలాడుతుంది. ఆ పంట వెనకాల ఇల్లెంత ఒత్తిడిలో ఉంటుందో రైతు బిడ్డలకు చెప్పనక్కర్లేదు. 1997-98లో మన పాత వరంగల్ జిల్లాలో పురుగు పట్టి పత్తి నాశనమై, మందుల అప్పులు తీర్చలేక రైతులు అదే పురుగుమందు తాగిన కాలం మనలో చాలామందికి గుర్తుంది. ఆ ఇళ్లలో అప్పుడు ఐదారేళ్ల పిల్లలు ఇప్పుడు ముప్పైల్లో ఉన్నారు. అందులో కొందరు మన విద్యార్థులే.

రైతు ఆత్మహత్య చేసుకున్న ఇంట్లో పిల్లవాడికి తగిలేది ఒక్క దెబ్బ కాదు. నాన్న పోతాడు. మర్నాటి నుంచి అప్పులవాళ్లు గుమ్మంలోకి వస్తారు. భూమి ఎవరి పేరున ఉందన్న పంచాయితీ మొదలవుతుంది. అమ్మ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. 2004లో వచ్చిన 421 నంబరు జీవో లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం 194 నంబరు జీవోతో దాన్ని 6 లక్షలకు పెంచింది. డబ్బు రావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి ఉన్న ముగ్గురి కమిటీ విచారణ చేసి ఇది రైతు ఆత్మహత్యే అని తేల్చాలి. 2018 ఆగస్టు నుంచి రైతు బీమా వచ్చింది. ఏ కారణంతో రైతు చనిపోయినా 5 లక్షలు. కానీ అది పట్టా ఉన్న రైతుకే. కౌలుకు చేసుకునే వాళ్లకు లేదు. ఇటువంటి ఇళ్లను వెతుక్కుంటూ వెళ్లి, కాగితాలు సరిచేసి, కమిటీ ముందు నిలబెట్టి, కౌలు రైతుల తరఫున కొట్లాడుతున్న సంస్థ రైతు స్వరాజ్య వేదిక. వాళ్లు చేసేది పిల్లల సంక్షేమం అని ఎవరూ అనరు. నేనంటాను. ఆ అమ్మకు మూడు నెలల్లో సాయం అందితే బిడ్డ బడిలోనే ఉంటాడు. మూడేళ్లు ఆలస్యమైతే పత్తి చేలో ఉంటాడు.

ఇక మిగతా ఇళ్లు. హైదరాబాద్‌కు వలసపోయిన అమ్మానాన్నలు, తండాలో ముసలి తల్లి దగ్గర వదిలిన పిల్లలు. బెల్టు షాపు పక్కనే ఉన్న ఇళ్లు. పదిహేడేళ్లకే పెళ్లై పంతొమ్మిదికి ఇద్దరు పిల్లల తల్లైన ఆడపిల్లలు. ప్రసవం తర్వాత కుంగుబాటులో పడితే "దయ్యం పట్టింది" అనిపించుకునే బాలింతలు. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. మోయలేని బరువు మోస్తున్నవాళ్లు.

మన నేల మీదే చూపించిన దారులు

మొదట మన కాజీపేట గురించి. కెనడా దేశస్థుడు ఆంద్రే జింగ్రాస్, ఆయన భార్య, మన ప్రాంతపు ఆడబిడ్డ సింగారెడ్డి బాల థెరిసా కలిసి బాల వికాస సంస్థను నిలబెట్టారు. 1991 నుంచి అది కాజీపేట కేంద్రంగా పనిచేస్తోంది. మంచినీటి ప్లాంట్ల వల్ల, మహిళా పొదుపు సంఘాల వల్ల చాలా ఊళ్లకు ఆ పేరు తెలుసు. నేను చెప్పదలచుకున్నది వాళ్లు భర్త పోయిన ఆడవాళ్లతో చేసిన పని. బొట్టు తుడవడం, గాజులు పగలగొట్టడం, శుభకార్యానికి ఎదురు రానివ్వకపోవడం, సొంత కూతురి పెళ్లిలో పీటల దగ్గరికి పోనివ్వకపోవడం. ఈ ఆచారాల మీద ఊరూరా ఆడవాళ్లను, మగవాళ్లను, కులపెద్దలను, పురోహితులను కూర్చోబెట్టి మాట్లాడించారు. భర్త పోయినవాళ్లకు మళ్లీ బొట్టు పెట్టించారు, పూలు ఇచ్చారు, మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకున్నవాళ్లకు అండగా నిలిచారు.

ఇందులో పిల్లల సంగతి ఎక్కడుంది అని మీరు అడగవచ్చు. ఎనిమిదేళ్ల పిల్ల దృష్టిలో చూడండి. నిన్నటిదాకా అందరూ "వదినా" అని పిలిచిన అమ్మను ఇవాళ ఎదురు రావద్దంటున్నారు. నాన్న పోయిన దుఃఖం ఒకటి, అమ్మ అపశకునం అయిపోవడం రెండు. మొదటిదాన్ని ఎవరూ ఆపలేరు. రెండోది పూర్తిగా మన చేతిలో ఉంది. దానికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. బాల వికాస చూపించింది అదే: ఇంటికి తగిలే దెబ్బల్లో కొన్ని దేవుడు కొట్టినవి, కొన్ని ఊరు కొట్టినవి. ఊరు కొట్టేవాటిని ఊరే ఆపాలి.

రెండోది ఎం.వి. ఫౌండేషన్. చరిత్రకారుడు, విద్యావేత్త మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరు మీద 1981లో పెట్టిన సంస్థ. ఆయన మనుమరాలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన శాంతా సిన్హా గారు దాన్ని నడిపించారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో జీతం ఉన్న పిల్లలను విడిపించి బడికి పంపే పని మొదలైంది. ఆమెకు 2003లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు.

అప్పట్లో అందరూ అనే మాట ఒకటుండేది: "పేదవాళ్లకు పిల్లల సంపాదన కావాలి, అందుకే బడికి పంపరు." వీళ్లు ఇల్లిల్లూ తిరిగి అడిగితే వేరే సంగతి తేలింది. పంపాలనే ఉంది, కానీ బడి వాళ్లను రానివ్వడం లేదు. జనన ధ్రువపత్రం తెమ్మంటారు. వయసు దాటిందంటారు. పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతుంది. నిశానీ వేసే తండ్రి హెడ్మాస్టర్ గది గుమ్మం దాటలేడు. కాబట్టి వాళ్లు పిల్లలకు శిబిరాలు పెట్టి, కొన్ని నెలల్లో వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేశారు. తల్లిదండ్రుల పక్కన నిలబడి బడిలో చేర్పించారు. జీతం పెట్టుకున్న ఆసాములను తిట్టి శత్రువులను చేసుకోలేదు. పిల్లవాడిని విడిచిపెట్టిన ఆసామిని ఊరి సభలో పిలిచి సన్మానించారు. ప్రభుత్వ ఉపాధ్యాయులే బాల కార్మిక విమోచన వేదిక పేరుతో సంఘంగా ఏర్పడి ఈ పనిలో దిగారు. ఇక్కడ కూర్చున్న ఉపాధ్యాయులు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలని నా విన్నపం. తల్లిదండ్రుల మీద నమ్మకం పెట్టుకుని మొదలుపెట్టినందుకే ఆ ఉద్యమం నిలిచింది.

మూడోది గ్రామ్య. డాక్టర్ వి. రుక్మిణీరావు గారి నాయకత్వంలో నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు తండాల్లో పనిచేసిన సంస్థ. 1999లోనూ 2001లోనూ హైదరాబాద్‌లో దత్తత పేరుతో జరిగిన పసిపిల్లల అమ్మకాలు బయటపడ్డప్పుడు, ఆ పిల్లల్లో చాలామంది లంబాడా తండాల ఆడపిల్లలని పత్రికలు రాశాయి. "కన్నబిడ్డను అమ్ముకున్న తల్లి" అని శీర్షికలు పెట్టారు. ఆ తల్లి పరిస్థితి ఎవరూ అడగలేదు. రెండో కాన్పో మూడో కాన్పో ఆడపిల్ల. అత్తగారింటి ఎత్తిపొడుపు. రాబోయే కట్నం భయం. ఎండిన చేను. గ్రామ్య కార్యకర్తలు గర్భిణిగా ఉన్నప్పుడే ఆ ఇంటికి పోయేవారు. కాన్పు దాకా, కాన్పు తర్వాతా పోతూనే ఉండేవారు. తల్లితో, అత్తతో, భర్తతో మాట్లాడేవారు. పెరిగే ఆడపిల్లలకు చదువు చెప్పించారు. బిడ్డను ఇచ్చేద్దామనుకునే ఇంటికీ ఉంచుకునే ఇంటికీ మధ్య తేడా చాలాసార్లు అంతే: ఆ వారం ఎవరైనా వచ్చి మాట్లాడారా లేదా.

మన కేసముద్రం మండలంలో తండాలకు కొదవ లేదు. ఈ సంగతి పరాయి జిల్లా కథగా వినకండి.

ప్రపంచం కూడా అదే చెప్పింది

ఇంటికి పోయి మాట్లాడటం అంత పెద్ద మందా అని అనుమానం రావచ్చు. రెండు ప్రయోగాలు చెబుతాను. 1977లో అమెరికాలో ఎల్మైరా అనే చిన్న పట్టణంలో డేవిడ్ ఓల్డ్స్ అనే పరిశోధకుడు తొలి కాన్పు తల్లుల ఇళ్లకు నర్సులను పంపారు. వాళ్లలో చాలామంది పేదవాళ్లు, చిన్న వయసు వాళ్లు, భర్త తోడు లేనివాళ్లు. గర్భం నుంచి బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా అదే నర్సు అదే ఇంటికి వెళ్లింది. బిడ్డ ఏడిస్తే ఏం చేయాలి, నీకు కోపం వస్తే ఏం చేయాలి, చదువు మళ్లీ ఎలా మొదలుపెట్టాలి, ఇవే మాటలు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే, ఆ ఇళ్లలో పిల్లల మీద హింస, నిర్లక్ష్యం కేసులు మిగతా ఇళ్లతో పోలిస్తే దాదాపు సగమే.

రెండోది జమైకా దేశంలో. 1986-87లో కింగ్‌స్టన్ పేటల్లో పోషణ లేక ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లలతో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే డాక్టరు పని మొదలుపెట్టారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త వారానికి ఒక గంట చొప్పున రెండేళ్లు వెళ్లింది. ఇంట్లో దొరికే వస్తువులతో బొమ్మలు చేసి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, అటువంటి సాయం అందని పిల్లల కంటే 25 శాతం ఎక్కువ. వారానికి ఒక గంట! మన దగ్గర 1975 నుంచి అంగన్‌వాడీలు ఉన్నాయి. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అక్కడే పూట భోజనం, పాలు, గుడ్డు పెడుతున్నారు. అంటే మనం చేరాల్సిన తల్లులు రోజూ ఒకచోట కూడుతున్నారు. వాళ్లతో కూర్చుని మాట్లాడే మనిషే కావాలి.

చట్టంలో ఉంది, చేతికి రావడం లేదు

2015 బాల న్యాయ చట్టం స్పష్టంగా చెప్పింది: పిల్లవాడిని హోమ్‌లో పెట్టడం చిట్టచివరి మార్గం, ముందు కుటుంబాన్ని నిలబెట్టాలి. దానికోసం స్పాన్సర్‌షిప్ అనే ఏర్పాటు ఉంది. మిషన్ వాత్సల్య పథకం కింద అర్హత ఉన్న పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. తల్లి వితంతువు అయినా, భర్త వదిలేసినా, విడాకులైనా, తల్లికో తండ్రికో ప్రాణాంతక జబ్బు ఉన్నా, ప్రమాదంలో పడి సంపాదించలేని స్థితిలో ఉన్నా, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్నా అడగవచ్చు. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 లోపు, ఇతర చోట్ల 96,000 లోపు ఉండాలి. మహబూబాబాద్‌లో జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి.

ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? మనకే తెలియకపోతే కూలికి పోయే తల్లికి ఎలా తెలుస్తుంది? ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, బడి నుంచి బోనఫైడ్. ఒక్కొక్క కాగితానికి ఒక్కొక్క రోజు కూలి పోతుంది. రెండుసార్లు తిప్పి పంపితే ఆ తల్లి మూడోసారి పోదు. పథకం కాగితం మీద మిగిలిపోతుంది.

మన సంఘం ఏం చేయవచ్చు?

ఇప్పుడు అసలు విన్నపానికి వస్తున్నాను. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు పెద్ద స్వాగత తోరణం కట్టాలని ఒక ప్రతిపాదన ఉంది. దాని మీద మన పేర్లు ఉంటాయి. నేను తోరణానికి వ్యతిరేకం కాదు. దానిలో సగం ఎత్తు తోరణం కట్టి, మిగిలిన సగం డబ్బుతో నాలుగు పనులు చేద్దామని అడుగుతున్నాను.

మొదటిది, తోడు వెళ్లే మనిషి. మనలో రిటైరైన తహసీల్ ఉద్యోగులు ఉన్నారు, బ్యాంకు వాళ్లు ఉన్నారు, లాయర్లు ఉన్నారు. నెలకు రెండు రోజులు బడిలో ఒక గది తెరిచి కూర్చుంటే చాలు. తండ్రి పోయిన ఇల్లు, తల్లి మంచాన పడ్డ ఇల్లు ఏదో క్లాస్ టీచర్లకు ముందు తెలుస్తుంది. వాళ్లు చెబితే, మనలో ఒకరు ఆ తల్లితో కలిసి ఆఫీసుకు వెళ్లాలి. దరఖాస్తు రాసివ్వడం కాదు, పక్కన నిలబడటం.

రెండోది, చిన్న నిధి. పెద్ద సాయం కాదు. ప్రభుత్వ సాయం చేతికి వచ్చేదాకా ఇల్లు గడవడానికి రెండు మూడు నెలల బియ్యం, కిరాయి, మందులు. పిల్లవాడిని జీతం పెట్టే నిర్ణయం, చిన్న పిల్లకు పెళ్లి చేసే నిర్ణయం ఎక్కువగా ఆ మూడు నెలల్లోనే జరుగుతాయి.

మూడోది, తండ్రులతో మాట. మన దగ్గర పేరెంట్స్ మీటింగ్ అంటే అమ్మలే వస్తారు, మార్కులే మాట్లాడతాం. ఏడాదికి నాలుగుసార్లు తండ్రులను పిలుద్దాం. పత్తి ఏరే రోజుల్లో కాకుండా, రాత్రి భోజనాల తర్వాత పెడదాం. తాగుడు గురించి ఉపన్యాసం వద్దు. తాగుడు మానిన తండ్రినే మాట్లాడించండి. కుంగుబాటులో ఉన్నవాళ్లకు 14416 నంబరు చెప్పండి. అది 2022లో ప్రారంభమైన టెలి మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

నాలుగోది, బడి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇది పెద్దలకు కొంచెం కష్టంగా వినిపించవచ్చు. "మా సారు కొట్టబట్టే ఇంతవాళ్లమయ్యాం" అని పొద్దటి నుంచి ముగ్గురు చెప్పారు, అందరం చప్పట్లు కొట్టాం. గురువుల మీద మన ప్రేమ నిజం. కానీ మనం ఇంతవాళ్లం అయ్యింది వాళ్లు చెప్పిన పాఠం వల్ల, రాత్రి పూట లాంతరు కింద పెట్టిన ప్రైవేటు క్లాసు వల్ల, ఫీజు లేనప్పుడు జేబులోంచి కట్టినందువల్ల. బెత్తం వల్లనే అయితే, ఫోటోలో లేనివాళ్లు మనకంటే ఎక్కువ దెబ్బలు తిన్నారు. ఇంట్లో భయపడే పిల్లవాడికి బడి కూడా భయమైతే వాడికి ఇక చోటు లేదు.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఒకటి, సాయం తీసుకునే తల్లిని స్టేజీ మీద నిలబెట్టి ఫోటో తీయవద్దు. పేరు నోటీసు బోర్డు మీద పెట్టవద్దు. గ్రామంలో మర్యాద పోగొట్టుకుని తీసుకున్న సాయం పిల్లవాడికి మరో గాయమే. రెండోది, "ఇంటి గుట్టు మనకెందుకు" అన్న మాట అన్ని చోట్లా పనికిరాదు. లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ ఫిర్యాదు చేయాల్సిందే. పెద్దమనుషుల పంచాయితీలో తెంపేది కాదది. ప్రాణాపాయం ఉన్న చోట 1098కి ఫోన్ చేయాలి. తల్లిదండ్రులకు అండగా ఉండటం అంటే తప్పును కప్పిపుచ్చడం కాదు. ఎక్కడ ఆసరా ఇస్తే ఇల్లు నిలబడుతుందో అక్కడ ఆసరా, ఎక్కడ బిడ్డకు ప్రమాదమో అక్కడ చట్టం. ఈ తేడా తెలుసుకోవడానికి మన వాలంటీర్లకు శిక్షణ కావాలి. ఇందాక చెప్పిన సంస్థల్లో అనుభవం ఉన్నవాళ్లను పిలిపిద్దాం.

ఇదంతా పెద్ద ఖర్చు కాదు. మన సంఘంలో ఉన్నవాళ్లు నెలకు వంద రూపాయలు, నెలకు ఒక పూట ఇస్తే మొదటి ఏడాది నడుస్తుంది. ఈ బడిలో ఇప్పుడు ఆరో తరగతి చదువుతున్న ప్రతి పిల్లా పదో తరగతి ఫోటోలో ఉండాలి. ఐదేళ్లలో తేలిపోయే లెక్క ఇది. మధ్యాహ్నం జరిగే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన ఎజెండాలో ఏడో అంశంగా ఉంది. భోజనం చేసి వెళ్లిపోకుండా ఉండి, మీ అభిప్రాయం చెప్పండి. వద్దనిపిస్తే వద్దనండి, ఎందుకో చెప్పండి. అవుననిపిస్తే, గది తాళం చెవి తీసుకునే ఇద్దరి పేర్లు ఇవాళే రాయించండి.